ఎడమదిక్కు దెబ్బ

హలో… హలో… ఆ, నేనేనయ్యా, నేనే! నారాయణఖేడ్ కెల్లి… కాశమ్మను. మీ స్టూడియోల క్యాసెట్‌కు పోచమ్మ పాటలు పాడలేదా, గా కాశమ్మను… మొగని పేరు తియ్యొద్దంటరు గని, డోలు మొగులప్ప పెండ్లాన్ని. ఇప్పుడు యాదికొచ్చిందా?…

హమ్మయ్య. ప్రేమదాస్ సారే కదా మాట్లాడేది?… అద్దం ఆవల మిషన్ల కాడ కూసున్నది నువ్వే కదా?… అయితే మంచిదే. నీతోనే నాకు పంచాది.

బాగున్నమా అంటే… బాగుంటే గీ ఎండల బస్టాండు కాడికొచ్చి తాహెర్ దుకాన్ల ఫోన్ పట్టుకొని ఎందుకు నిలవడ్త సారూ? పొద్దటిసంది చేస్తుంటే మీ తాన ఎవ్వలో ఎత్తుతుండ్రు, లేడు అంటుండ్రు, పెట్టేస్తుండ్రు…

ఆఁ, వచ్చింది. క్యాసెట్ వచ్చింది. అట్ట మీద అమ్మవారి బొమ్మ మంచిగున్నది… నా గొంతా? నా గొంతుకేం పుట్టింది, ఖంగుఖంగుమంటుంది. నా గొంతు సంగతి కాదు నేనడిగేది. డోలేది?…

డోలు సారూ, డోలు! మా ఆయన డోలు ఏడవోయింది?…

ఉన్నదా? ఏడున్నది? కుడిదిక్కు పుల్ల దెబ్బ ఉన్నది, టకటక టకటక. పల్లికాయలు ఒలిచినట్టు. ఎడమదిక్కు చేతి దెబ్బేది? ధుమ్ముమని కడుపుల వడేది?…

మా టేపు చిన్నదే. చిన్న టేప్ల లావు సప్పుడు రాదని తాహెర్ గూడ చెప్పిండు… గీ ఫోన్ దుకానం ఆయనదే సారూ. జాతరలకు మైకులు, బాక్సులు కిరాయికిస్తడు. ఆయనింటికి వొయ్యి పెద్ద బాక్స్‌ల ఏసినం. నా అంత ఎత్తున్నది… ఏసినం, బేస్ అనేదాన్ని మొత్తం తిప్పిండు. ఇగ తిరగనంటే తిరగనన్నది… ఏమొచ్చింది? బుయ్యిమని ఒక్కటొచ్చింది. బెల్లం మీద ఈగలు ముసిరినట్టు…

కీబోర్డా అది?… ఎవ్వలు పెట్టమన్నరు? నేనడిగిన్నా? పోచమ్మడిగిందా?…

మెల్లగ చెప్పు సారూ, నాకు తెలిసేటట్టు చెప్పు… ఆఁ… లావు సప్పుళ్లు రెండుంటే… ఒక్క తావుల్నే కూసుంటయి… ఒకదాన్నొకటి తొక్కుకుంటయి… పాట మొత్తం బురద బురదైతది… అయితే? ఒకదాన్ని లేపాలె. లేపితే ఎవ్వల్ని లేపాలె సారూ? ఇంటోన్ని లేపి చుట్టాన్ని కూసోవెడ్తరా?…

నవ్వకు. నాకు నవ్వొస్తలేదు.

ఆడలేనోడు మద్దెల ఓడన్నడట. నీకు మిషన్ తిప్పరాక నా మొగని డోలు తీసి పక్కకు వెట్టినవ్… అంటనే అంట! ఎందుకనను?…

ఆగు సారూ, ఆగు, బస్సొచ్చింది… ఏం ఇనవడ్తలేదు… ఆ, పోయింది. మనూర్ బస్సు. సూడు, బయట బల్ల మీద కూసున్నడు మా ఆయన, బస్సు రాంగనే తలకాయెత్తిండు. హారన్ కొడితే ఎత్తలే. ఇంజన్ సప్పుడుకు ఎత్తిండు…

గదే చెప్తున్న. ఆయనకు చెవులు ఇనరావు…

లేదు, మీకు చెప్పలే. చెప్తే రానిస్తురా? చిన్నప్పటిసంది చెవు పక్కనే డోలు మోగె. సన్న సప్పుళ్లన్నీ ఒక్కటొక్కటే పోయినయ్. నా గొంతు పోయింది సారూ, ఊరూరికి ఇనవడే నా గొంతు ఇంటోనికి ఇనవడది. లావు సప్పుడు ఒక్కటే తగులుతది. అది గూడ చెవులకు కాదు… ఈడ, రొమ్ముల, కడుపుల…

ఎట్ల కొట్టిండంటే? నా పెదవులు జూసి కొడ్తడు. మా ఇద్దరి నడుమ నువ్వు అడ్డం పరదా పెడ్తనంటివి, నేను వద్దని లొల్లి చేస్తిని, యాదున్నదా?… గందుకే. నా మొఖం కనవడకపోతే ఆయనకు పాట లేదు. ఇద్దరం ఒక్క మైకు కిందనే కూసుంటమంటిని.

ఇగ ఇను. తాహెర్ బాక్స్ కాడ కూసుండి రెండు చేతులు దానికి ఆనిచ్చిండు. కండ్లు మూసుకున్నడు. ఎంత సంబురంగ కూసున్నడో, పెండ్లి పిలగాడు కూసున్నట్టు… పాట అయిపాయె. ఇంకో పాట అయిపాయె. క్యాసెట్‌ను అటు మొఖం మార్చి ఏస్తే అది గూడ అయిపాయె. చేతులు తీసి, కాశీ, గా బుయ్యిమనేది తగులుతుంది గని నా దెబ్బ ఒక్కటి గూడ తగుల్తలేదు అన్నడు…

నా చేతులల్ల సత్తువ పోయింది, అందుకే గాళ్లు నన్ను తీసేసి మిషన్ పెట్టుకున్నరు అన్నడు.

చెప్పినం సారూ! చెప్పమా? నేను చెప్పిన, తాహెర్ చెప్పిండు, వాడకట్టోళ్లంతా చెప్పిండ్రు. ఇంట్ల డోలు కొడితే ఇంటెనక బర్రె బెదురుతుంది, గంత మంచిగ పడుతుంది దెబ్బ. నమ్మితే కదా! మీరు నన్ను సంబరవెడ్తుండ్రు, మనిషి అవద్దమాడ్తడు, మిషన్ ఆడదు అంటడు… మరి కొట్టినప్పుడు నీకు కడుపుల తగుల్తలేదా అంటే, అది అలవాటు కాశీ, కొట్టినోనికి తగిలినట్టే ఉంటది అంటడు. దానికేమనాలె?…

చెవిటోని ముందట శంఖ… ఛీ, నా నోరు పడిపోను. ఏం మాట్లాడుతున్ననో నాకే తెలుస్తలేదు.

బోరంచ జాతరొస్తుంది. నేను కొట్టనన్నడు. డోలు దేవప్పకిస్తడట. దేవప్పంటే ఆయన తమ్ముని కొడుకు, మంచోడే, కొడ్తడు… ఇస్తే ఇచ్చె. ఇచ్చినంక ఈయన ఏం చేస్తడు? ఇప్పుడే గోడదిక్కు మొఖం పెట్టి కూసుంటుండు. నా దిక్కు జూస్తలేడు సారూ. తింటవా అన్నా, పంటవా అన్నా, ఆయన నా పెదవులు జూస్తేనే కదా నా మాట ఆయనకు ముట్టేది. జూడకపోతే ఇగ నేను ఎవ్వలతో మాట్లాడాలె?… గదీ నా బాధ. డోలు కాదు.

అందుకే నీకు దండం పెడ్త. గా ఎడమ దెబ్బ మల్ల పెట్టు. అంగట్ల అమ్మేటియి గట్లనే ఉండనీ, నాకేం పంచాది లేదు. నా ఒక్కదాని కోసం ఒక్క క్యాసెట్ చెయ్యి. ఆయన బాక్స్‌కు చేతులానిచ్చి, ఆఁ ఇది నా చెయ్యే, అనాలె. గంతే…

ఎందుకు రాదు? నువ్వు తీసినవ్, నువ్వే పెట్టు…

తొక్కుకునుడు కాదా అసలు సంగతి? పగిలిందా? ఏం పగిలింది? డోలు ఇంట్లనే ఉన్నది, మంచిగున్నది… సప్పుడు పగిలిందా? సప్పుడెట్ల పగుల్తది సారూ?…

ఆఁ… ముందుగాల ఒకపారి కొట్టి సూపమన్నవ్… కొట్టిండు… దాన్ని వట్టి మిషన్ల సప్పుడు కొలిచే సూది సదురుకున్నవ్… కుడిదిక్కే కొట్టిండా?…

మరి కుడిదిక్కే కొడ్తడు సారూ. ఎడమదిక్కు అమ్మది. కొబ్బరికాయ కొట్టి, అమ్మ పేరు తియ్యంది దాన్ని ముట్టరు. ఉత్తుత్తిగ, సూపెటందుకు కొట్టరు. ఆయన తాత గట్లనే, తండ్రి గట్లనే… మేం కాయ కొట్టలేదా ఆ దినం? నువ్వే, లోపల తివాసీ కరాబైతది, బయట మెట్ల మీద కొట్టుండ్రి అంటివి. కొట్టొచ్చి, అప్పుడు ముట్టిండు ఎడమదిక్కు…

ఓ తల్లీ. అయితే గా మొదటి దెబ్బకే… సూది ఎగిరి ఆవలి గోడకు తాకిందా…

చెయ్యెత్తినవ్. చూసిన నేను. అద్దం ఆవల రెండు చేతులెత్తి ఆపుండ్రి ఆపుండ్రి అంటివి. నేనాపలే. అమ్మ పాట ఎత్తుకున్నంక హారతి దాక ఆపొద్దు సారూ. ఎవ్వలాపినా ఆపొద్దు. నువ్వు మెచ్చుకుంటున్నవనుకున్న…

మరి నువ్వన్న మిషన్ తగ్గించకపోతివి… తగ్గిస్తే నా గొంతు పోతదా?… ఒక్క మైకాయె. ఆఁ. ఒక్క మైకు కిందనే కూసుంటమన్నది నేనే…

అంటే నీకు మా పద్ధతి తెల్వది, మాకు నీ పద్ధతి తెల్వది. ఎవ్వల్ని తిట్టాలె నేనిప్పుడు? నిన్ను తిడ్దామని వస్తిని. తయారై వస్తిని సారూ, తొవ్వ పొడుగూత తిట్లు యాదికి తెచ్చుకుంట వచ్చిన…

పగిలింది ఫర్రు ఫర్రుమంటుందని కింది సప్పుడంత కోసేసినవ్. కోసి, లోతు లేదని కీబోర్డు పెట్టినవ్… తెలిసింది. తెలిసింది సారూ, గంత తెలివి లేనిదాన్ని కాదు. పోనీ బేస్ పెంచు… లేనిదాన్ని పెంచితే ఏడకెల్లొస్తదంటవా.

గదీ నిజమే.

మల్లొచ్చి పాడమంటే పాడుత. గీడికెల్లి నడిచి రమ్మన్నా వస్త. ఆయన డోలు ముట్టాలె కదా?… క్యాసెట్లు అమ్మే మీ సేటు ఇగ మల్ల చెయ్యమన్నడా? అనడు. క్యాసెట్లు అమ్ముడువోతున్నయి, ఆయనకేం పట్టింది…

నువ్వొచ్చి చెప్తవా? ఏం చెప్తవు? నువ్వు గూడ సంబరవెడ్తున్నవంటడు.

హలో?… ఆఁ, ఉన్న. చెప్పు…

ఎప్పుడు?… మేమంతా చాయ్ తాగవోయినప్పుడా?… ఆయనొక్కడే లోపల కూసుండి… కొట్టుకుంటుండెనా?… నువ్వు పట్టినవా! మిషన్ మల్ల సదురుకొని?… ఎడమదిక్కు గూడ వచ్చిందా?… పగలకుండ?…

అద్దం అదిరిందా!

అయ్యో నా తండ్రీ, నీ కడుపు సల్లగుండ. గీ మాట ముందుగాల చెప్పొద్దా, ఇంతసేపు తిట్టిస్తివి! ఎవ్వల కోసం పట్టినవ్?… నీ కోసమే?… ఇంటానికి మంచిగున్నదని?… చూసినవా తాహెర్, ఉన్నదట! ఉన్నదట రా!

యాడున్నది గా టేపు?… ఎతుకు సారూ. ఇప్పుడే ఎతుకు. నేను పెట్టెయ్య, ఈడ్నే నిలవడ్త. దొరకంగనే క్యాసెట్ చేసి బస్సు డ్రైవర్‌కియ్యి… అది రేపొస్తది, ఎల్లుండొస్తది, గప్పటిదాక ఆయన డోలు దేవప్పింటికి పోతది. ఇవ్వాల్నే తీస్కపోతనంటుండు. దొరకంగనే జర ఫోన్ కాడ పెట్టి ఏసెయ్యి. నేను ఆయన చెవుకానిస్త…

రాదా? ఎందుకు రాదు?… ఫోన్ తీగెలకెల్లి లావు సప్పుడు పోదా? మాట మట్టుకే పోతదా?… ఏమో సారూ, నాకు నీ గొంతు లావుగనే ఇనొస్తుంది. రాకుంటే రాకపాయె. ఏసి సూడు. గిదొక్కటి చెయ్యి, బాంచెన్… ఆఁ. పో, ఎతుకు. ఫోన్ ఆయన చేతికిస్తున్న.

ఏమయ్యా!… ఇగో… నా దిక్కు జూడు. అటు కాదు, నా దిక్కు. జూడుమంటున్న కదా, గోడకేమున్నది!… ఆఁ. ఇను. పట్నంల, సారు… నీ డోలు… పట్టిండట. చాయ్ తాగంగ కొట్టినవ్ సూడు, గది. ఎడమదిక్కు దెబ్బ… ఉన్నది. అద్దం అదిరిందట! గిప్పుడేస్తడు, ఇనాలె నువ్వు… నేను అవద్దమాడ్తలే. మిషనే చెప్తది. పట్టుకో. చెవుకు కాదు, చెవు కిందికి, ఎముకకు ఆనిచ్చుకో. ఆఁ, గట్ల. కదలకు.

తాహెర్, ఫ్యాను బంద్ చెయ్యి జర. గా పోరగాండ్లను ఒర్లొద్దను…

ఎతుకుతుండట. దొరకంగనే ఏస్తడట… ఏమో, వస్తదో రాదో, సారైతే రాదనే అంటుండు…

తాహెర్, సూడు… కండ్లు మూసుకున్నడు.

సూడు సూడు, చేతి ఏళ్లు కదుల్తున్నయ్… కొడుతుండు! బల్ల మీద… ఎడమ చేత్తోనే కొడుతుండు తాహెర్! గిదేం దరువు… హారతి దరువు. గదే, గదే… తల ఊపుతుండు. ఫోన్ల రాదంటడు ఆయన, ఏం తెలుసు ఆయనకు? వచ్చింది సూడు, అమ్మ తెచ్చింది…

ఏందయ్యా?… ఇనొచ్చిందా?… తగిలిందా?… నీ చెయ్యేనా? మంచిగ చెప్పు, నీ చెయ్యేనా?…

నీ చెయ్యే! నేను చెప్పలేదా? నెత్తి కొట్టుకొని చెప్పలేదా?… నవ్వుతుండు తాహెర్. ఎన్ని దినాలాయె గీయన నవ్వక… తే, ఇటు తే ఫోన్, సారుకు దండం పెడ్త. నువ్వు చాయ్ తాగు. తాహెర్, ఆయనకు చాయియ్యి.

హలో, సారూ! ఇన్నడు సారూ! రాదంటివి, వచ్చింది సూడు! ఆయన చెయ్యేనట. హారతి దరువు ఏసినవ్ కదా, బల్ల మీద ఆయన గూడ…

ఏంది?…

ఇప్పుడే ఫోన్ కాడికొస్తున్నవా?… మరి…

దొరికింది… దొరికింది గని… దాని మీద వేరేటోళ్ల భజన పట్టిండ్రా… నీ కింద పనిచేసేటోడు… ఖాళీ టేపనుకొని… మొత్తం పోయిందా?… చివరకు గూడ ఇంత మిగల్లేదా?…

ఆగు. ఆగు సారూ. గంటే నువ్వు ఏం ఎయ్యలేదా?… ఇంతసేపు… ఫోన్ బల్ల మీద పెట్టి పోయినవా… ఉత్త ఫోనేనా…

…

ఉన్న. గోడదిక్కు తిరిగిన. ఆయనకు నా పెదవులు కనవడొద్దని.

లేదు సారూ, ఏడుస్తలేను… ఏం లేదు. ఆయనకేం ఇనరాలే. ఏమీ ఇనరాలే ఆయనకు. ఉత్త ఫోన్ పట్టుకొని తల ఊపిండు… నా కోసం. నన్ను సంబరవెట్టిండు. నేను గిట్ల ఎండల తిరుగుడు సూడలేక…

నేనేం చేయాలె ఇప్పుడు? లేదయ్యా, టేపే లేదట, నువ్వు అవద్దమాడినవ్ అని ఎట్లనాలె ఆయన్ని?… నాకేం సమజైతలేదు సారూ. నువ్వన్న చెప్పు… నీకు గూడ తెల్వది. ఆఁ. నీకెట్ల తెలుస్తది.

ఏంది తాహెర్?… నన్నే జూస్తుండా?… చాయ్ గూడ తాగకుంటనా?…

సారూ, తిరుగుతున్న. నేనేమన్నా నువ్వు ఏమనుకోకు. ఆఁ ఆఁ అను, గంతే.

ఆఁ సారూ! మంచిగ ఇనొచ్చిందట! దెబ్బ దెబ్బ తగిలిందట! నీ పుణ్యం… సల్లగుండు… నీ ఇల్లు సల్లగుండ…

ఏందయ్యా?… సారుతోని మాట్లాడుతున్న, ఆగరాదు… ఏంది?… సాలా? ఏం సాలు?… ఇన్నవ్ కదా, చేతులల్ల సత్తువున్నదని మిషనే చెప్పె కదా. మరి జాతరకు నువ్వే…

ఇన్న కాబట్టేనా?…

సారూ… ఉన్నవా?… ఇన్నడట. ఒక్కపారి ఇనాలని ఉండె, ఇన్నడట. ఇగ మనసుల ఏం లేదట. డోలు దేవప్పకిచ్చొద్దాం, నడువు అంటుండు… నవ్వుకుంటనే అంటుండు సారూ.

వద్దని ఎట్లనాలె? వద్దంటే ఎందుకొద్దో చెప్పాలె కదా…

నా పెదవుల దిక్కే జూస్తుండు. ఇన్ని దినాలు జూడు జూడుమని మొత్తుకుంటి… ఇప్పుడు జూస్తుంటే నాకు మాటొస్తలేదు.

నువ్వేం చేస్తవు సారూ, నీది గూడ తప్పు లేదు. ఉంట మరి… ఆఁ, ఉంట.

వస్తున్న, వస్తున్ననయ్యా… నేను గూడానా? ఇన్న… ఇనకేంది? నీ తరువాత నాకు గూడ ఏసిండు సారు. ఎడమదిక్కు దెబ్బ… మంచిగ పడ్డది. మస్తు మంచిగ పడ్డది.

తాహెర్, గీ ఫోన్ నువ్వే పెట్టెయ్యి.